పాప బండి

గేటు దగ్గర పాప బండిలో కూర్చుని ఏడుస్తోంది. బండి పిడి మీదికి వంగి నిలబడ్డ తన తండ్రికి పాప తల్లి అడ్డం వచ్చింది.

"నాన్నా, పాప దిగి నడుస్తానని గోల చేస్తుంటే నువ్వు బెల్టు బిగిస్తున్నావట. పక్కింటావిడ చెప్పింది."

"రోడ్డు మీద పడిపోతుందమ్మా."

"పార్కులో కూడానా?"

"పార్కులోనూ పడుతుంది."

"గడ్డిలోనా నాన్నా? అసలు డాక్టరు నీకేం చెప్పాడు?"

"వెన్నులో నరాలు పోయే దారి ఇరుకైపోయిందట. నిటారుగా నడిస్తే నరాలు నొక్కుకుపోయి కాళ్లు మొద్దుబారుతున్నాయి. ముందుకు వంగితే ఆ దారి కాస్త తెరుచుకుంటుంది. ఈ పిడి పట్టుకుని వంగానంటే పార్కంతా తిరిగొస్తాను తల్లీ."

"చక్రాల వాకరు కొనుక్కోమనలేదూ?"

"అన్నాడు. ఈ వీధిలో సగం మంది బడిలో నా దగ్గర డ్రిల్లు చేసినవాళ్లే. వంగి నిలబడ్డవాడి వీపు మీద ఒక్కటిచ్చి, 'నిటారుగా!' అని అరిచినవాణ్ణి. వాళ్ల ముందు వాకరు ఎలా తొయ్యను? ఇదైతే, తాతయ్య మనవరాల్ని తిప్పుతున్నాడనుకుంటారు."

"నీ పరువు కోసం పసిదాన్ని కట్టేస్తావా?"

"అది దిగితే ఖాళీ బండి తోస్తూ దొరికిపోతాను కదమ్మా."

"అది నడక నేర్చుకునే వయసు నాన్నా."

"తెలుసు. అది ఏడ్చినప్పుడల్లా తెలుస్తూనే ఉంది. బెల్టు విప్పు. దాని చెయ్యి పట్టుకుని నువ్వు ముందు నడువు. ఈ ఖాళీ బండి తోసుకుంటూ నేను వెనకాలే వస్తాను. ఎవరైనా పలకరిస్తే మాత్రం, నన్ను తలెత్తమనకు."