రామ్మోహన్ అతికిన చిత్రిక

నా రిటైర్మెంటు సభకు అధ్యక్షత వహిస్తున్న డాక్టర్ విశ్వనాథం గారికి, ముప్ఫై ఒక్క ఏళ్లు నన్ను భరించిన మా వెల్డింగ్ షాపు యజమాని గోర్డన్ గారికి, ఈ కెనడాలో నాకు చుట్టాలైన సార్నియా తెలుగు పెద్దలకు, షిఫ్టులు మార్చుకుని మరీ వచ్చిన కాలేజీ పిల్లలకు నమస్కారం. గోర్డన్ గారికి తెలుగు రాదు కాబట్టి పక్కన కూర్చున్న రిషిత నా మాటలు ఆయనకు ఇంగ్లిషులో చెబుతుంది. అమ్మా రిషితా, ఇవాళ ఒక్క మాట కూడా వదలకు, నన్ను వెనకేసుకు రాకు. (నవ్వులు)

ఈ వీర్రాజు అతికిన ముక్క మళ్లీ విరగలేదని విశ్వనాథం గారు ఇందాక అన్నారు. శాలువా కప్పించుకున్నాక కాదనడం మర్యాద కాదు గానీ, ఒకటి విరిగింది. అది నా పనేనని నాకూ, మరొక మనిషికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆ మనిషి పేరు రామ్మోహన్. పాతవాళ్లకు గుర్తుండే ఉంటాడు.

సామర్లకోటలో ఇద్దరం ఒకే ఐటీఐలో చదివాం. నాకంటే ముందు ఇక్కడికి వచ్చి, గోర్డన్ గారికి చెప్పి నాకీ పని ఇప్పించింది అతనే. మా ఆవిడ రాధిక కట్టే క్యారేజీలో సగం అతనిదే. వంకాయ కూర ఉన్న రోజు సగం కంటే ఎక్కువే. (నవ్వులు) అదిగో, రాధిక కూడా నవ్వుతోంది.

నేను చేరిన మూడో ఏడు డోరిస్ గారనే ఆవిడ ఒక చిత్రిక పట్టుకొచ్చారు. వడ్రంగులు చెక్క నునుపు చేసే పనిముట్టు, మొత్తం పోత ఇనుము, మనవాళ్లు బీడు అంటారు. సిమెంటు నేల మీద పడి పక్క అంచు రెండుగా చీలింది. ఆవిడ భర్త పడవలు కట్టేవారట. ఆయన పోయేనాటికి సగంలో ఉన్న పడవను ఆయన చిత్రికతోనే పూర్తి చేయాలని ఆవిడ కోరిక.

పిల్లలకు తెలియకపోవచ్చు, బీడు మామూలు ఇనుములా వంగదు. ఒకచోట ఒక్కసారిగా వేడి తగిలితే చల్లారేటప్పుడు అతుకు పక్కనే పగులుతుంది. రామ్మోహన్ ఆ చిత్రికను తిప్పి చూసి, "రాజూ, దీనికి కరెంటుతో ఆర్క్ వెల్డింగ్ కొట్టకు. మొత్తం మెల్లగా కాచి కంచుతో అతుకుదాం. ఇసకలో పెడితే రేపటికి చల్లారుతుంది" అన్నాడు. ఇనుము కరగకుండా కంచు కడ్డీ ఒక్కటే కరిగించి అతికే పద్ధతి అది. ఆ మాట చెప్పి వేరే పని మీద బయటికి వెళ్లాడు. ఆవిడ సాయంత్రం నాలుగింటికి వస్తానన్నారు. రేపటిదాకా ఆగడమెందుకు, నా చురుకుదనం చూపిద్దామనుకుని ఆర్క్ కొట్టేశాను. అతుకు అందంగానే వచ్చింది. పావుగంటకు బల్ల మీద టింగుమంది. అతుకు పక్కన కొత్త చీలిక, ముందుదాని కంటే పొడుగు.

అప్పుడే గోర్డన్ గారు వచ్చారు. పని ఎవరిదో రాసే జాబ్ కార్డు మీద రామ్మోహన్ పేరుంది. తిరిగొచ్చిన రామ్మోహన్‌ను, ఇది నీ పనేనా అని అడిగారు. అతను నా వైపు చూశాడు. నా పీఆర్‌కు, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, గోర్డన్ గారి లెటర్ ఆ వారంలోనే రావాలి. నేను వంగి కేబుల్ చుట్టుకుంటూ ఉండిపోయాను. అతను నా కోసం చాలాసేపే ఆగాడు. తర్వాత, సారీ అన్నాడు. బీడు పనులు ఇక ముట్టుకోవద్దని గోర్డన్ గారు అందరి ముందూ అనేశారు. మూడు నెలలకు అతను పని మానేసి ఎక్కడో దూరాన ఉన్న సాస్కటూన్ ఊరికి వెళ్లిపోయాడు. ఇరవై ఎనిమిదేళ్లయింది.

మంచినీళ్లివ్వమ్మా.

గోర్డన్ గారూ, ఆ పని చెడగొట్టింది నేను. రిషితా, ఉన్నదున్నట్టు చెప్పమ్మా.

ఆ తర్వాత బీడును ఎలా కాచాలో, ఎంతసేపు ఆగాలో నేర్చుకున్నాను. ఈ ఊళ్లో ఎన్నో అతికాను. ప్రతిసారీ పక్కన అతను నిలబడి చూస్తున్నట్టే ఉండేది, తల తిప్పితే ఎవరూ ఉండేవారు కాదు. క్యారేజీ విప్పినప్పుడల్లా సగం పక్కకు తీసిపెట్టడం ఏడాదిదాకా మానలేకపోయాను.

రెండేళ్ల కిందట మందుల షాపు లైనులో డోరిస్ గారు కనిపించారు. ఎనభై దాటాయి. మీ స్నేహితుడు బాగున్నాడా అని అడిగారు. అప్పుడు తెలిసింది. రామ్మోహన్ తుక్కు డబ్బాలోంచి ఆ చిత్రికను తీసుకెళ్లి, ఇంటి గరాజులో కంచుతో అతికి, మా షాపు పంపిందని చెప్పి ఆవిడకు ఇచ్చి వచ్చాడట. పడవ పూర్తయిందట. చిత్రిక ఇప్పటికీ బాగానే ఉందట.

ఆ ఆదివారం ఎలాగో నంబరు సంపాదించి ఫోన్ చేశాను. తప్పు నాదే అన్నాను. "అది నాకు తెలీదా రాజూ. గోర్డన్‌కి చెప్పావా?" అన్నాడు. లేదన్నాను. "సరే మరి" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. రెండేళ్లుగా చెబుదామనుకుంటూనే రోజులు గడిపాను. ఇవాళ్టితో ఉద్యోగం అయిపోయింది, చెప్పకుండా ఉండటానికి ఇక సాకు లేదు.

ఏమ్మా రిషితా? గోర్డన్ గారు ఏమంటున్నారు?

"అంకుల్, రామ్మోహన్ అంకుల్ ఫోన్ నంబర్ కావాలంటున్నారు."

(జేబులోంచి ఫోన్ తీసి)

ఇస్తానమ్మా. తప్పకుండా ఇస్తాను.

గురువారం పొద్దున నేనూ రాధికా కారులో సాస్కటూన్ బయల్దేరుతున్నాం. మూడు రోజుల డ్రైవ్. రమ్మని అతను అనలేదు. తలుపు తీస్తాడో లేదో తెలియదు. తీస్తే, ఏమీ మాట్లాడకపోయినా సరే, ఎదురుగా కాసేపు కూర్చోవాలని ఉంది. తీయకపోతే మర్నాడు మళ్లీ వెళ్తాను.

మీరు చూపిన అభిమానానికి, ఇంతసేపు ఓపిగ్గా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక సెలవు.