పాట కింద గొంతు

పుదుచ్చేరి, 2006. నెహ్రూ వీధి వెనక సందులో, మేడ మీద పెళ్ళి వీడియోల స్టూడియో. కంప్యూటర్ ముందు యానాం నుంచి వచ్చిన ఫణిధర్. ఎదురుగా బెంచీ మీద కిరుమాంబాక్కం రైతు పట్టాభిరామన్, ఆయన భార్య భాగ్యం.

“…ముందు టేపును కంప్యూటర్లోకి కాప్చర్ చేయాలండి. టైమ్‌లైన్ మీద పరవాలి, పైన బొమ్మ ట్రాకు, కింద శబ్దం ట్రాకు. వద్దన్నవి కట్ చేయాలి. అతుకులు తెలియకుండా డిజాల్వులు వేయాలి. శబ్దం మ్యూట్ చేసి పాటలు పెట్టాలి. రెండర్ చేసి డీవీడీ రాయాలి. మీ అమ్మాయి పెళ్ళికి ఇవన్నీ చేశానండి, పట్టాభిరామన్ గారూ.”

“అన్నీ చేసినావు తంబీ. నా బిడ్డ గొంతు యాడ?”

“చెప్పాను కదండీ, మ్యూట్ చేశాం.”

“మ్యూట్ అంటే?”

“నోరు మూసేయడం అండి. అంటే… శబ్దానికి.”

“ఎవురు చెప్పినారు మూయమని?”

“ఎవరూ చెప్పక్కర్లేదండి. పెళ్ళి వీడియో అంటే అందరికీ పాటలే. పందిట్లో అరుపులు, వంటింటి చప్పుళ్ళు ఎవరు వింటారండి?”

“ఈమె వింటాది. నా భార్య. బిడ్డ పెళ్ళి అయినాక, చక్కెర రోగంతో పోయిన ఏడు కళ్ళు పోయినాయి. ఈ ఆడి నెలలో బిడ్డ పోయింది.”

“జయంతి గారా? అయ్యో, ఎలాగండి?”

“కడలూరు రోడ్డులో. లారీ. అది వదిలేయ్. డీవీడీ పెడితే నేను బిడ్డను చూస్తా ఉండాను. ఈమె ‘ఇప్పుడేం చేస్తా ఉంది’ అని అడగతాది. ‘నవ్వతా ఉంది’ అంటాను. ఈమెకి వినపడేది మాత్రం ఎవురో సినిమావాళ్ళ పాట.”

“మీరు ఎప్పుడూ నవ్వతా ఉంది అనే అంటారు. తాళి కట్టేటప్పుడు అది ఏడిచింది. పక్కన నేను లేనా?”

“నువ్వు ఉండు భాగ్యం. తంబీ, ఆ మూసింది తెరువు.”

“రెండర్ అయ్యాక కుదరదండి. బొమ్మా పాటా కలిసిపోతాయి. కంప్యూటర్లోకి ఎక్కించింది చోటు కోసం తుడిచేస్తాం.”

“అసలు టేపు ఉంటాది గదా?”

“టేపు… మళ్ళీ వాడేశామండి. విల్లియనూరు పెళ్ళికి.”

“మా బిడ్డ మింద ఇంకొకరి పెళ్ళా?”

“టేపులు అలాగే తిప్పి వాడతామండి. మా ఓనరు ముకుందన్ గారు…”

“మీ గోదావరి పక్కోళ్ళ మాటలో ‘అండి’లు మెండు. గొంతు మాత్రం లేదు. లెయ్యి భాగ్యం, పోదాం.”

“ఉండండి, ఉండండి. కాప్చర్‌కి ముందు టేపు సరిగ్గా తిరుగుతోందా అని చిన్న ముక్క టెస్టుకి ఎక్కిస్తాను. ఆ ముక్కలు తుడవను. బద్ధకమే అనుకోండి. చూస్తాను… ఇదిగో, కిరుమాంబాక్కం. శబ్దం ఉంది. బొమ్మే బాగాలేదు. కెమెరా కిందికి వేలాడుతోంది. నేల, చెప్పులు.”

“నాకు చెప్పులైతే ఏంది, ముఖమైతే ఏంది తంబీ. పెట్టు.”

“పెడుతున్నానమ్మా. స్పీకరు ఇటు తిప్పాను, వినండి.”

“‘మేళం ఒక నిమిషం ఆపమనండి మామా. అమ్మ ఏందో చెప్తా ఉంది, నాకు వినపళ్ళా.’”

“జయంతే. భాగ్యం, జయంతి గొంతే.”

“తెలస్తా ఉంది. తంబీ, ఇంతేనా?”

“ఇంతేనమ్మా. అక్కడితో టెస్టు ఆపేశాను.”

“అప్పుడు దానికి ఏం చెప్పినావు భాగ్యం?”

“జడబిళ్ళ జారతా ఉంది అన్నాను. అంతే. మేళం ఆపనే లేదు. దానికి వినపళ్ళా. వినపడినట్టు తల ఊపింది.”

“మళ్ళీ పెట్టమంటారా అమ్మా? లూప్ చేసి ఇస్తాను, ఆగకుండా వస్తూనే ఉంటుంది.”

“ఆగకుండా వద్దు. ఆ మాట అయినాక కొంచెం ఖాళీ పెట్టు. నేను జవాబు చెప్పుకుంటాను.”

“ఎంతసేపు పెట్టమంటారు?”

“జడబిళ్ళ సరిచేసేంత సేపు.”

“అలాగేనమ్మా. చివర్లో అమ్మాయి పేరు వేస్తాను. తెలుగులో రాయమంటారా, తమిళంలోనా?”

“రాసేది వద్దు. మా ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు, ఒకరికీ చదవను రాదు. నాకు అదీ ఇదీ ఒకటే. నువ్వే నోటితో చెప్పు.”

“ఏమని చెప్పనమ్మా?”

“వెనక పాట పెట్టకుండా చెప్పు తంబీ. కిరుమాంబాక్కంలో జయంతి అని ఒక పిల్ల ఉండింది, ఇది వినే మీరు దాన్ని ఒకసారి తలుచుకోండి, అని.”