జపాను లంకలో బావగారి బూట్లు

"తాతగారూ, ఆ ఒంటి బూటులో కరివేపాకు మొక్కేంటండి?" అనడిగాను.

అదా? అది మా బావగారి బూటురా. బావగారంటే మా వియ్యంకుడు, తణుకాయన, చెరకు లారీ ఉండేది. కూర్చో, చెప్తా. ఫోన్లో ఎక్కుతుందా ఇదంతా? సరే, ఎక్కించు.

మా అల్లుడికి జపాన్లో ఉద్యోగం కదా. నన్నూ మీ మామ్మనీ ఓ నెల రమ్మన్నాడు. నాకేమో పుట్టి బుద్ధెరిగాక బూట్లు లేవు. నా పెళ్ళికి కొన్న చెప్పులు పదకొండు రూపాయలు... కాదు, పన్నెండు. పదకొండు మా తమ్ముడివి. బావగారు తన కొత్త తోలు బూట్లిచ్చారు. "తడి మాత్రం తగలనీకండి బావగారూ," అని రెండుసార్లు చెప్పారు. ఆడపిల్లనిచ్చినవాణ్ణి, ఆయన దగ్గర మాట పడితే ఎలా చెప్పు? విమానంలో పనిచేసే అమ్మాయి నీళ్ళు తెస్తోందని బూట్లు విప్పి ఒళ్ళో పెట్టుకున్నా.

అక్కడ మియాజిమా అని ఓ లంక ఉంది. మన లంకల్లాగే పడవెక్కి వెళ్ళాలి. అరటితోటలుండవు గానీ, పచ్చటి కొండ, చుట్టూ సముద్రం, నీళ్ళలో ఎర్రగా గుడి ద్వారం. ఎంత బాగుందంటే మీ మామ్మ గంటసేపు మాట్లాడలేదు. మా కాపురంలో అదే మొదటిసారి. మేం వెళ్ళాక కాసేపటికి నీళ్ళు వెనక్కి పోయి ఇసుక బయటపడింది. జనం ద్వారం దాకా నడిచిపోతున్నారు. అచ్చం మన గోదాట్లో పట్టిసీమే. వేసవిలో ఇసుకలో నడిచి వీరభద్రుడి దగ్గరికి వెళ్తాం చూడు, అలా.

అందరూ బూట్లతోనే పోతున్నారు. నాకు మనసొప్పలేదు. గుడి ద్వారం కిందకి చెప్పులతో ఎలా వెళ్తాం? ఒడ్డున విప్పుదామంటే జింకలు. అక్కడ జింకలు మన మేకల్లా తిరుగుతాయి, అప్పటికే ఒకటి మీ మామ్మ పడవ టికెట్టు నమిలేసింది. అందుకని అవి రాని చోటు చూసి, నీళ్ళకి దగ్గరగా ఇసుకలో పెట్టా. పట్టిసీమలో అలాగే వదిలేస్తాం, సాయంత్రం దాకా కదలవు.

గోదారి ఇసుక మళ్ళీ వరదొచ్చేదాకా ఇసుకే కదా. సముద్రానికి రోజూ పోటూ ఆటూ అని కాలవ కింద బతికినవాణ్ణి నాకేం తెలుసు? సముద్రం ఒడ్డునుండే అంతర్వేది వాళ్ళయితే చెప్పేవారు. దండం పెట్టుకుని, మనవల పేర్లన్నీ చదివి, ఆఖర్న బావగారి పేరు కూడా చెప్పుకుని తిరిగి చూస్తే, బూట్లు ఈదుతున్నాయి.

పంచె ఎగ్గట్టి దిగా. వెనక నుంచి అల్లుడు, "మావయ్యగారూ, మీకు ఈత రాదండీ," అంటాడు. అక్కడ ఆల్చిప్పలు ఏరుకుంటున్న ముసలావిడ గబగబా దిగి ఎడమది పట్టింది. రెండు చేతులతో, వంగి, ప్రసాదంలా ఇచ్చింది. నేనూ వంగా. ఆవిడ మళ్ళీ వంగింది. నేను మళ్ళీ వంగా. అలా వంగుతుండగా కుడిది వెళ్ళిపోయింది.

బూటు దొరికితే పంపమని పడవల ఆఫీసులో అల్లుడు మన ఊరి అడ్రసు రాసిచ్చాడు. తిరిగొచ్చి బావగారి ముందు ఎడమది పెట్టా.

"రెండోదేదండి?"

"సముద్రంలో ఉందండి."

"మరి ఎప్పుడొస్తుందండి?"

ఆ ఒక్కటీ పట్టుకుని, కాఫీ ముట్టకుండా లేచెళ్ళిపోయారు. ఐదు నెలలు మాటల్లేవు. మా అమ్మాయి రోజూ ఫోను, "మా మావయ్యగారు మాట్లాడారా నాన్నా?" అని.

ఆరో నెలలో పార్సిలొచ్చింది. కుడిది. కడిగి, ఆరబెట్టి, లోపల కాగితాలు కుక్కి మరీ పంపారు. వెంటనే ఫోన్ చేశా, "వచ్చిందండి బావగారూ," అని.

"ఎడమది దిష్టికని లారీ వెనక కట్టానండి."

"విప్పండి మరి."

"లారీ అమ్మేశానండి."

అయినా మర్నాడే బస్సెక్కి వచ్చారు. కుడిదొక్కటే వేసుకుని, రెండో కాలు ఉత్తిదే, ఇదిగో ఈ వాకిట్లో అటూ ఇటూ నడిచారు. "నా కొలతేనండి," అని ఒప్పుకుని, "చెల్లెమ్మగారూ, కాఫీ ఉందా?" అన్నారు. రెండు గ్లాసులు తాగారు. ఆ మొక్క పెట్టింది కూడా ఆయనే.

నీకూ విమానమెక్కి వెళ్ళే రోజొస్తుంది నాన్నా, నాకెక్కడి జపానులే అని అలా తల దించుకోకు. వెళ్ళినప్పుడు చెప్పులు చేత్తో పట్టుకునే దండం పెట్టుకో. వెళ్ళిన జతతో చల్లగా తిరిగిరా. పోతూ పోతూ ఆ మొక్కకి చెంబుడు నీళ్ళు పొయ్యి. పర్లేదులే, ఇప్పుడు తడిసినా ఆయనేం అనరు...