పద్మనాభం సార్ ఎడమ జేబు

అధ్యక్షులు స్టాన్లీ గారికి, కాటన్‌పేట పెద్దలకు, ఈ బడిలో నాతో కలిసి చదివిన స్నేహితులకు, ఇవాళ ఉద్యోగ విరమణ చేస్తున్న మా లెక్కల సార్ పద్మనాభం గారికి, పక్కనే కూర్చున్న బాలాత్రిపురసుందరి అమ్మగారికి నమస్కారం. ఎవరినైనా మరిచిపోయి ఉంటే క్షమించండి, నా చూపంతా సార్ చొక్కా మీదే ఉంది.

సార్, ఇందాక పాత విద్యార్థుల తరఫున స్టాన్లీ గారు కొత్త ఫోను మీ ఎడమ జేబులో పెట్టి, పైన శాలువా కప్పారు కదా, ఆ ఫోన్ని దయచేసి తీసి బల్ల మీద పెట్టండి. ఇప్పుడే సార్. (నవ్వులు)

నవ్వండి, పర్వాలేదు. పోయిన వేసవిలో సార్ బోర్డు ముందే పడిపోతే నేను పనిచేసే ఆసుపత్రికే తెచ్చారు. ఎడమ భుజం కింద పేస్‌మేకర్ పెట్టారు. గుండె మందగిస్తే నడిపించే చిన్న యంత్రం అది. దాన్ని పరీక్షించే టెక్నీషియన్‌ని నేను. ఫోను జానెడు దూరంలో ఉంటే భయం లేదు. కానీ ఈ రకం ఫోన్ల వెనక అయస్కాంతాలుంటాయి, సరిగ్గా యంత్రం మీదకి వస్తే అది పనిచేసే తీరు మారవచ్చు. ఫోను తీసేస్తే చాలావరకు మామూలవుతుంది. ఆ ‘చాలావరకు’ అనే మాటే నన్ను కుదురుగా ఉండనివ్వదు.

స్టాన్లీ గారూ, మిమ్మల్ని అనడం లేదు. కానుకను జేబులో పెట్టి గుండె మీద తట్టడం మనవాళ్ళ అలవాటే కదా.

మా ఇంట్లో నాకంటే ముందు బడికి వెళ్ళినవాళ్ళు లేరు. నాన్న కొండయ్య కదిరి నుంచి ఈ ఊరికి కట్టడం పనికి వచ్చారు. పని ఊరి చివర చందాపురకు మారి, నన్ను బడి మానిపిస్తానంటే సార్ ఒకటే అన్నారు: “ఏమప్పా కొండయ్యా, పాప మా ఇంట్లో ఉండి చదువుకుంటాది. నువ్వు పనికి పో.” అమ్మగారి చేతి అన్నం తిని చదివాను. అందుకే ఇంతమందిలో జేబు గురించి మాట్లాడటానికి సిగ్గుపడటం లేదు.

తరగతిలో సార్ జేబులో ఫోను పెట్టుకుంటే పిల్లలు అరిచేవారు, నేనే చెప్పిపెట్టాను. రేపటి నుంచి ఎవరు అరుస్తారు? అమ్మగారూ, మీరే.

“నా మాట ఎప్పుడు విన్నారే!” అంటున్నారు అమ్మగారు. (నవ్వులు)

సార్ కూడా ఏదో అంటున్నారు... “ఎడమ చెవికి వద్దంటావు, కుడి చెవి సరిగా వినపడదు పాపా, ఏం చేయాల?”

యంత్రం ఎడమ పక్కనుంది, కుడి చెవికే పెట్టుకోండి సార్. తల తిరిగితే ముందు ఫోను దూరం పెట్టి కూర్చోండి, వెంటనే ఆసుపత్రికి రండి.

ఓపికగా విన్న అందరికీ కృతజ్ఞతలు. సార్, రేపు పొద్దున నేనే ఫోను చేస్తాను. కుడి చెవికి వినపడేదాకా ఎంత గట్టిగానైనా మాట్లాడతాను. సెలవు.