ప్లస్ మూడు

కాలు విరిగి మంచం పట్టిన తన అన్నయ్యతో భర్త రోజుకో ఎత్తు చొప్పున ఫోన్లో ఆడుతున్న చదరంగం, ఇంట్లో కంప్యూటర్ తెర మీద కనబడేసరికి ఆమె భర్తను నిలదీసింది.

“పాత కంప్యూటర్‌కి బరువు కాని చెస్ సాఫ్ట్‌వేర్ వెతికిపెట్టమంటే, అయిపోయిన ఆటల్లో తప్పులు దిద్దుకోవడానికేమో అనుకున్నానండీ. నడుస్తున్న ఆటను ఎక్కించారేం?”

“ఎవరు గెలుస్తున్నారో చూశానంతే. దానికే కొంపలు మునిగాయా?”

“మంచంలో ఉన్నవాడి మీదా మీ ప్రతాపం? ఛీ!”

“ఛీ కాదు, పక్కన అంకె చూడు. ప్లస్ మూడు! అంటే నాదే పైచేయి. అందుకే నిన్న మీ అన్నయ్య డ్రా చేసుకుందామంటే, ‘ఓటమి కనబడుతోందా బావా’ అని ఏడిపించి వదిలాను.”

“మీరు ఆడేది నల్లపావులతో కదా?”

“అయితే?”

“దాంతో వచ్చిన సూచనలు ఒక్క పేజీ అయినా చదివారా? ఇందులో ప్లస్ అంటే ఎప్పుడూ తెల్లపావులదే పైచేయి. గెలిచే ఆటని మా అన్నయ్య మీ పరువు కోసం వదులుకోబోయాడు.”

ఆయన మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాడు.

“ఇప్పుడేం చెయ్యమంటావ్?”

“ఫోన్ చెయ్యండి. ఎత్తు చెప్పడానికి కాదు, చేసిన వెధవపని చెప్పడానికి.”