ఏడో తాడు

ఏడో తాడా? నాకా? ఒరేయ్ లాక్లన్, మన ముత్తాతలిద్దరూ ఒక్క తల్లి బిడ్డలు కదరా. నన్ను తీసుకెళ్లి నీ శవపెట్టె కాళ్ల దగ్గర నిలబెడతావా?

లేవకు. మాట్లాడకు కూడా. గొంతు కోసి కుట్టారు, వారం దాకా నోరు తెరవొద్దన్నాడంట డాక్టరు. యాభై ఏళ్లలో నాకు దొరికిన మంచి వారం ఇదొక్కటే.

నీ పెద్దమ్మాయి మారీడ్ చూపించిందిలే ఆ కాయితం. నాన్న మూడ్రోజులుగా ఏమీ తాగట్లేదు, ఇదిగో ఇది రాసుకుంటా కూర్చున్నాడు అని ఏడ్చింది. నిన్ను గోతిలోకి దించేటప్పుడు ఎవరు ఏ తాడు పట్టాలో ఎనిమిది పేర్లు. తల దగ్గర మొదటి తాడు, అందరికన్నా దగ్గరివాడు పట్టాల్సింది, కుక్కల డాక్టరుకంట. వాడేం వరసరా నీకు?

మన వంశంలో మీ పాయకున్న 'సర్' బిరుదు మగాళ్లకే పోతుంది. నీకేమో ఐదుగురూ ఆడపిల్లలే. నీ తర్వాత సర్ ఎవరు? నేనే. మా పాయ నాయకత్వం, అదే, టోపీలో రెండు గద్ద ఈకలు పెట్టుకునే హక్కు, ఆడపిల్లకైనా వస్తుంది. నాకు పిల్లల్లేరు, కాబట్టి నీకు, నీ తర్వాత మారీడ్‌కి పోతుంది. అందుకేగా ముప్పై ఏళ్లుగా నువ్వు దగ్గితే నేను, నేను దగ్గితే నువ్వు చెవులు రిక్కించి కూర్చున్నాం.

కళ్లలా తిప్పకు. గొర్రెలు కాసుకునేవాడు సర్ అవకూడదా? ఆటల పండగలో నేను విసిరిన దుంగ చర్చి మీంచెళ్లి పక్కూరి వాగు మీద పడింది. వాళ్లిప్పటికీ వంతెన అనుకుని దాని మీదే నడుస్తున్నారు. నువ్వు విసిరింది నీ కాలి మీదే పడింది కదూ?

సర్లే, నిజం చెప్పేస్తా. వారం దాకా ఎవరికీ చెప్పలేవుగా.

నిన్ను ఆస్పత్రికి తెచ్చారని తెలియగానే అద్దం ముందు నిలబడి 'సర్ మర్డో' అనుకున్నా. బోలెడు సార్లు. బావుంది. ఆఖర్న మాత్రం, ఇది విని కుళ్లుకునేవాడేడీ అనిపించింది. నువ్వు కుళ్లుకోకపోతే ఆ బిరుదు నాకెందుకురా?

నేనూ రాసుకున్నా అలాంటి కాయితం. తల దగ్గర తాడు నీకే. ఏటా నీ పేరు కొట్టేద్దామని కూర్చుంటా. చెయ్యి రాదు.

నవ్వకు, కుట్లు ఊడతాయి. ఇదిగో, బార్లీ సూపు. చల్లారింది, తాగు. నువ్వు ముందు పోయావనుకో, నా తల దగ్గర నిలబడ్డానికి మనిషి లేడు. గొర్రెలకి తాడు పట్టడం రాదు.