వెండెల్ క్రౌచ్ అరంగుళం బిళ్లలు

"నేను చేసిందల్లా నాలుగు చక్రాలకి నాలుగు బిళ్లలు పెట్టడం. అంతే. ఆ మాత్రానికి నా కడుపున పుట్టిన పిల్ల, చర్చి మెట్ల మీద, పదిమంది ఎదుట, నన్ను పట్టుకుని అంత మాటంటుందా?"

వెండెల్ క్రౌచ్ ధాన్యం గోదాం ఆఫీసులోకి అడుగు పెడుతూనే అన్న మాట ఇది. మా కాఫీ బల్ల దగ్గర మేం ముగ్గురం ఉన్నాం. గోధుమ రైతు ఆర్లో ఫెంటన్, ముప్ఫై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైన ఐమోజీన్, కాటా దగ్గర గుమాస్తాగా పనిచేసే నేను. శనివారం, పొద్దున ఎనిమిది. పదింటికి కౌంటీ సంత ఊరేగింపు మొదలవుతుంది.

కిటికీలోంచి వెండెల్ ట్రక్కు కనిపిస్తోంది. అరవై ఆరు నాటి పికప్, ఆకుపచ్చ రంగు, అద్దంలా తుడిచి పెట్టాడు. వెనక తొట్టెలో గడ్డిమోపులు పేర్చి చుట్టూ రంగు కాగితాలు కట్టాడు. ఆ మోపుల మీద మనవరాలు టెస్సా, దాని స్నేహితురాళ్లు ఐదుగురు కూర్చుని ఊరేగాలని ఆయన పట్టు. కూతురు లోరెన్ కుదరదంది. ఊరికే అనలేదు. "నాన్న చెప్పేదాంట్లో సగం గాలి. మిగతా సగం మీద నా బిడ్డను కూర్చోబెట్టను" అందట.

"సగం గాలట," అన్నాడు వెండెల్, కుర్చీ లాక్కుని. ముఖం కందగడ్డలా ఉంది. కాఫీ పోశాను. చూడనైనా చూడలేదు.

ఆయన ఎందుకొచ్చాడో మాకు తెలుసు. లోరెన్ చిన్నప్పుడు పన్నెండేళ్లు ఐమోజీన్ బస్సెక్కింది. ఐమోజీన్ పర్వాలేదంటే పిల్లల్ని పంపుతుంది, లేకపోతే లేదు. ఆ మాట కూడా లోరెన్ చర్చి మెట్ల మీదే తేల్చి చెప్పేసింది. అందుకే కథ మాకు చెబుతున్నట్టే ఉన్నా, వెండెల్ కుర్చీ మాత్రం ఆమె వైపే తిరిగి ఉంది.

"మొదట్నుంచీ చెబుతాను, అప్పుడు మీరే చెప్పండి ఇందులో గాలెంతో. వేలంలో నాలుగు వెడల్పు చక్రాలు కొన్నాను. ముందువి బిగించి స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు లోపలి అంచు స్టీరింగు కడ్డీకి రాసుకుంటోంది. అంటే చక్రాన్ని కాస్త బయటికి జరపాలి. జరపాలంటే ఇరుసు చివరుండే హబ్బుకీ చక్రానికీ మధ్యన స్పేసరు బిళ్ల పెట్టాలి. ఇది ఎవడికైనా తెలుసు. కానీ ఎంత మందం బిళ్ల? అక్కడుంది పని. వేరేవాడైతే టేపు పెట్టి ఉజ్జాయింపుగా కానిచ్చేవాడు. నేనేం చేశానో తెలుసా? టెస్సా బొమ్మలు చేసుకునే మట్టి ఉందిగా, అది ఇంత ముద్ద తీసి కడ్డీకి అంటించి, చక్రం బిగించి, ఈ చివరనుంచి ఆ చివరికి తిప్పి, విప్పి చూశాను. నలిగిన ముద్ద ఎంత పలచనయ్యిందో అంతే సందు."

అది మంచి పద్ధతేనని ఆర్లో ఒప్పుకున్నాడు. ఒప్పుకోకుండా ఉండాల్సింది.

"మంచి పద్ధతా? ఆ ముద్ద మీద టైరు అచ్చు పడింది చూడు, ఫ్యాక్టరీ పేరు, ఊరు, ఏడాది, అన్నీ పడ్డాయి, భూతద్దం పెట్టి చూస్తే ఆ టైరు పోతపోసినవాడికి ఆ రోజు జలుబు చేసిందని కూడా తెలిసిపోయింది. సరే, కొలత తీసుకుని గైమన్ ఊళ్లో విడిభాగాల కొట్టుకి వెళ్లాను. అక్కడ ఒక గడ్డంవాడు, కంప్యూటర్లోంచి తల పైకెత్తకుండా నా ట్రక్కు ఏ సంవత్సరం, ఎన్ని బోల్టులు, ఎన్ని మిల్లీమీటర్లు అని అడుగుతున్నాడు. ఒరే నాయనా, నీ తాత పుట్టకముందు నుంచీ చక్రాలు విప్పుతున్నాను, బిళ్లలు బయట పెట్టు అన్నాను. పెట్టాడు. పావంగుళంది వేళ్ల మధ్య నొక్కితే వంగింది, ఇదేం బిళ్ల, బిస్కెట్టా అని వెనక్కి విసిరేశాను. అంగుళంపావుది ఉంది, దానికి సొంత బోల్టులుంటాయి, అది పెడితే కప్ప కాళ్లు బార్లా చాపినట్టు చక్రాలు బయటికొస్తాయి, నా ట్రక్కుకి ఆ అవమానం వద్దన్నాను. అరంగుళంది తీసుకుని గోటితో మీటాను. మీటితే ఏమైందో చెప్పనా? గంట మోగినట్టు మోగింది. వీధిలో కొట్లాడుకుంటున్న మూడు కుక్కలు కొట్లాట ఆపి వరసగా కూర్చున్నాయి. ఇవే కావాలన్నాను."

"కుక్కలా?" అన్నాడు ఆర్లో.

"బిళ్లలు. నవ్వు, నువ్వూ నవ్వు. లోరెన్ నవ్వింది, నువ్వూ నవ్వు. మంగళవారం మధ్యాహ్నం బిగించడానికి కూర్చున్నాను. జాకీ లేదు. నా జాకీ రెండేళ్లుగా ఈ మహానుభావుడి దగ్గరుంది."

పోయిన ఈస్టరుకే తిరిగిచ్చేశానని ఆర్లో అంటున్నా వెండెల్ వినిపించుకోలేదు. జాకీ లేకపోతే ఏం, దేవుడిచ్చిన నడుం లేదా అని బంపరు కింద వీపు పెట్టి లేచాడట. ముందు రెండు చక్రాలూ గాల్లోకి వచ్చాయట. పోయిన నెల మేత బస్తా ఎత్తలేక మా పనివాణ్ని పిలిచావు కదా అని నేను గుర్తు చేశాను.

"అది మామూలుగా ఎత్తిన బస్తా. ఇది కోపంతో ఎత్తిన ట్రక్కు. తేడా లేదూ? అప్పటికే లోరెన్ ఫోన్ చేసింది, నాన్నా, ఎవరైనా మెకానిక్కుకి చూపించు అని. మెకానిక్కుకి. నేను. ఆ మాట తలచుకునేసరికి ట్రక్కు ఇంకో అడుగు లేచింది. ఒక చేత్తో ఇనప బ్రష్ పట్టుకుని హబ్బు మీద తుప్పు గీకాను, తుప్పు ఎంత లేచిందంటే కంచె అవతల తెల్లావు ఉంది చూడండి, ఇవాళ వెళ్లి చూడండి, ఎర్రావు. బిళ్ల ఎక్కించాను, దాని మీద చక్రం, దాని మీద నట్లు. నాలుగు చక్రాలూ పదకొండు నిమిషాల్లో. మధ్యలో ఒకసారి ఆగి నిమ్మరసం తాగాను, అది కూడా కలిపే చెబుతున్నాను. ట్రక్కు దించకుండానే."

"వెనక చక్రాలు కూడా వీపు మీదేనా?" అన్నాడు ఆర్లో.

"అటు తిరిగి నిలబడ్డాను. ఇక రోడ్డు మీదికి తీశాను. అరవై, డెబ్భై, నూట పది. స్టీరింగు మీద కాఫీ కప్పు పెట్టాను, తొణకలేదు. ట్రక్కు ఎంత వెడల్పుగా నిలబడిందంటే రోడ్డు మధ్యలో పసుపు గీత దానంతటదే పక్కకి జరిగింది. పెట్రోలింగు పోలీసాయన ఆపాడు. చలానా రాయడానికి కాదు. టోపీ తీసి, అయ్యా, ఇంత తిన్నగా ఎలా పోతోంది, మా ఆవిడకి చూపిస్తాను ఒక ఫోటో తీసుకోనా అన్నాడు. అక్కడితో అయిందనుకున్నారా? అప్పుడే నైరుతి నుంచి సుడిగాలి లేచింది. రెండు గోదాములు, ఒక ఎరువుల లారీ, బాప్టిస్టు చర్చి బోర్డు, బోర్డు కింద నిలబడ్డ పాస్టరు గొడుగు, అన్నీ నా తల మీదుగా పోతున్నాయి. నా ట్రక్కు కదల్లేదు. సుడిగాలి కిందకి దూరి ఎత్తబోయింది. ఎత్తలేకపోయింది. చుట్టూ తిరిగి రెండోవైపు నుంచి ప్రయత్నం చేసింది. నాకు ఒళ్లు మండి హారను కొట్టాను. దెబ్బకి నడుం విరిగి గుంటలో పడిపోయింది. మర్నాడు కౌంటీ వాళ్లు పారలతో ఎత్తుకెళ్లారు."

"మంగళవారం సుడిగాలి రాలేదే," అన్నాడు ఆర్లో.

"ఎలా వస్తుంది, నేను ఆపాక?"

మేం నవ్వాం. వెండెల్ నవ్వలేదు. బల్ల మీద రెండు చేతులూ ఆనించి ఐమోజీన్ వైపు వంగాడు. గొంతు ఇంకా పెద్దదైంది.

"సుడిగాలి కదిలించలేని బండిని నా కూతురు నమ్మదు. ఆరు నెలల నుంచి టెస్సా ఆ ట్రక్కు మీద ఊరేగుతానని ఊరంతా చెప్పుకుంది. ఇవాళ వాళ్లమ్మ దాన్ని ఎవరిదో వ్యానులో కూర్చుని కిటికీలోంచి చెయ్యి ఊపమంటుంది. నన్ను జనంలో నిలబడి చూడమంటుంది. ఐమోజీన్, నువ్వు వెళ్లి ఒక్క మాట చెప్పు. దానికి నా మాట గాలి, నీ మాట మాట."

ఐమోజీన్ అప్పటిదాకా నోరు తెరవలేదు. కప్పు రెండు చేతులతో పట్టుకుని వింటోంది. సుడిగాలి దగ్గర కూడా నవ్వలేదు.

"నట్టు ఎన్ని చుట్లు తిరిగింది?" అని అడిగింది.

"ఏ నట్టు?"

"ఏదైనా. వేళ్లతో బోల్టుకి పట్టించిన దగ్గర్నుంచి బిగిసేదాకా. ఎన్ని చుట్లు?"

వెండెల్ ఛాతీ ఉప్పొంగింది. ఇలాంటి ప్రశ్న కోసమే పొద్దుట్నుంచీ కాచుకున్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు.

"మూడు. లెక్కపెట్టాను. వేరేవాళ్లకి పది పడతాయి, పన్నెండు పడతాయి. నా చెయ్యి పడేసరికి మూడు చుట్లకే కదలనంటే కదలనని కూర్చుంది. అదీ బిగింపంటే."

ఆర్లో నోటి దాకా తీసుకెళ్లిన బిస్కెట్టు కిందపెట్టేశాడు. చక్రాల పని నాకంత తెలియదు. కానీ ఆర్లో ముఖం చూశాక మూడు అనేది మంచి అంకె కాదని అర్థమైంది.

ఐమోజీన్ గొంతు పెంచలేదు. పిల్లల బస్సులో పెద్దగా అరిచే అలవాటు ఆమెకి ఎప్పుడూ లేదు.

"నీ బిళ్లకి సొంత బోల్టులు లేవు, వెండెల్. ట్రక్కు బోల్టులే దాన్నీ మొయ్యాలి, చక్రాన్నీ మొయ్యాలి. ఆ బోల్టులేమీ పొడవు పెరగలేదు. అరంగుళం నీ బిళ్ల తినేసింది. నట్టుకి మిగిలింది కొస. పది చుట్లు పట్టాల్సిన చోట మూడు పట్టి ఊరుకుందంటే అది నీ చేతి బలం కాదు. పొడుగు బోల్టులు వెయ్యకుండా బిళ్ల పెట్టేశావు. ఆ కొస మీద ఆరుగురు పిల్లల్ని కూర్చోబెడతానంటున్నావు."

వెండెల్ లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. నలభై ఏళ్లుగా చక్రాలు బిగిస్తున్నానన్నాడు. ఆడవాళ్లూ కంప్యూటర్లూ కలిసి తనకి పని నేర్పిస్తున్నారన్నాడు. ఈ బల్ల దగ్గర తాగిన కాఫీ అంతా దండగన్నాడు. లోరెన్ ముందే వచ్చి మాకు చెప్పిపెట్టిందని నా మీదా పడ్డాడు. ఐమోజీన్ అన్నీ విని, ఇంటి దగ్గర్నుంచి వస్తుంటే ఇవాళ స్టీరింగు వణికిందా అని అడిగింది.

వెండెల్ వంగి పడిపోయిన కుర్చీ లేపి నిలబెట్టాడు.

"గాలికి," అన్నాడు.

కిటికీ అవతల మా గోదాం జెండా కర్రకి అంటుకుని వేలాడుతోంది. రంగు కాగితాలు ఒక్కటీ కదలడం లేదు. మేం అందరం అటే చూశాం. ఆయనా చూశాడు.

ఐమోజీన్ తన కారులోంచి వీల్ పానా తెచ్చుకుంది. డెబ్భై నాలుగేళ్ల మనిషి, ముందు ఎడమ చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. వెండెల్ అడ్డం వెళతాడేమో అనుకున్నాను. వెళ్లలేదు. చేతులు కట్టుకుని పళ్లు నూరుతూ నిలబడ్డాడు. ఆమె ఒక నట్టుని పానాతో వదులు చేసి, పానా పక్కన పెట్టి, వేళ్లతో తిప్పింది.

"ఒకటి," అంది. "రెండు."

మూడో చుట్టు సగంలో ఉండగానే నట్టు ఊడి ఆమె అరచేతిలో పడింది. లేచి, దాన్ని వెండెల్ చేతిలో పెట్టింది.

వెండెల్ ఆ నట్టుని చాలాసేపు చూశాడు. తర్వాత తిట్లు మొదలుపెట్టాడు. వేలం వాణ్ని తిట్టాడు, చక్రాల్ని తిట్టాడు, కొట్టులో గడ్డంవాణ్ని తిట్టాడు, బోల్టులు చేసినవాణ్ని వాడి తాతతో కలిపి తిట్టాడు. తిడుతూనే తొట్టెలోకెక్కి గడ్డిమోపులు ఒక్కొక్కటి కిందకి విసిరేశాడు. ఆఖరి మోపు విసిరాక అక్కడే, ఖాళీ తొట్టె అంచు మీద కూర్చుని ఫోన్ తీశాడు.

"ట్రక్కు రావడం లేదు," అని అరిచాడు. "ఎందుకంటే ఏమిటి, రావడం లేదు. ఆ వ్యానులోనే కూర్చోబెట్టు."

అవతల లోరెన్ ఏదో అడిగింది. వెండెల్ గుప్పిట్లో నట్టు అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఆమె మళ్లీ అడిగినట్టుంది.

"నట్టు పది చుట్లు పట్టాలి," అన్నాడు, ఈసారి మాకు కూడా సరిగ్గా వినపడనంత మెల్లగా. "రెండున్నరే పట్టింది."

అవతల లోరెన్ ఇంకేదో అంది.

"లేదమ్మా," అన్నాడు వెండెల్. "పెంచీ చెప్పడం లేదు, తగ్గించీ చెప్పడం లేదు. ఐమోజీన్ ఇక్కడే ఉంది, కావాలంటే అడుగు. రెండున్నరే."